జెమినీ వారి బాకా పిల్లలు

జెమినీ అనగానే నీకు టీవీ గుర్తొస్తుంది. నీ తప్పేం లేదులే, నువ్వు పుట్టిన కాలం అలాంటిది. మా ఈడు వాళ్లనెవరినైనా అడిగి చూడు. మాట పూర్తికాకముందే పిడికిళ్లు రెండూ నోటి దగ్గర పెట్టి, బుగ్గలు పూరించి, బాకా ఊదుతున్నట్టు అభినయించి చూపిస్తారు. పళ్లూడిన నోటితో ఆ విన్యాసం చూస్తే నీకు నవ్వొస్తుంది, నవ్వుకో. అప్పట్లో తెర మీద ఇద్దరు బొద్దుపిల్లలు, కవలలు, చెరో బాకా పట్టుకుని ఊదేవాళ్లు. అది మద్రాసు జెమినీ స్టూడియో వారి గుర్తు. మీరు లోగో అంటారే, అదే. స్టూడియో మూతబడి ఎన్నో ఏళ్లు గడిచిపోయాయి గాని, ఆ పిల్లలు మాత్రం మా బుర్రల్లోంచి దిగలేదు. ఆ సంగతే చెబుతాను. మంట దగ్గరికి జరిగి కూర్చో, ఆ ఫోను కాస్త అరుగు మీద పెట్టు. అదేం పారిపోదు.

ముందు మేం సినిమా ఎలా చూసేవాళ్లమో తెలియకపోతే గుర్తు విలువ నీకు అంతుపట్టదు. మాకు ఊళ్లో పక్కా హాలెక్కడిది? టూరింగు టాకీసు డేరా వేసేది. నేల నాలుగణాలు, బెంచీ ఎనిమిదణాలు, కుర్చీ రూపాయి. అణా అంటే తెలుసా? రూపాయికి పదహారు. 1957లో నయాపైసలొచ్చాక నాలుగణాలు పాతిక పైసలయ్యాయి గాని, పెద్దవాళ్ల నోట పావలా పావలాగానే ఉండిపోయింది. నేల టిక్కెట్టు వాడికి ఇసకే సింహాసనం. ఇసక పోగుచేసుకుని, గుట్ట కట్టి, దాని మీద కూర్చుంటే పొట్టివాడు కూడా పొడుగయ్యేవాడు. వెనకవాడు ఊరుకుంటాడా? వాడూ ఇంకో గుట్ట కట్టేవాడు. బొమ్మ మొదలయ్యేసరికి నేల క్లాసులో ఎత్తుల పోటీ ముదిరి, చివరికి ఎవరో ఒకరు ముందువాడి గుట్టను కాలితో తన్నేవాళ్లు. ఆడవాళ్లకు వేరే పక్క, మధ్యలో అడ్డం. అయినా ఏ పిన్ని ఎవరితో ఏం మాట్లాడిందో రాత్రి ఇంటికొచ్చేలోపే ఊరంతా తెలిసిపోయేది, ఆ అడ్డం ఎందుకు కట్టారో మరి!

డేరా దగ్గర మైకులో భక్తి పాట రికార్డు వేస్తే ఆట మొదలవబోతోందని లెక్క. ఆ పాట వినబడగానే ఊళ్లో అన్నాలు తినేవాళ్లు ఆఖరి ముద్ద నోట్లో పెట్టుకునే పరుగెత్తేవాళ్లు. లోపలికెళితే సెన్సారు సర్టిఫికెట్టు ఒకటి. అది చదివే హడావుడి చూడాలి! అక్షరం ముక్క రానివాడు కూడా రీళ్ల సంఖ్య మాత్రం చదివేవాడు. పదహారు రీళ్లంటే పెట్టిన పావలా గిట్టుబాటైనట్టే. పదమూడంటే ముఖాలు మాడిపోయేవి. దానికంటే ముందే ప్రభుత్వం వారి న్యూస్‌రీలు. ఎక్కడో ఆనకట్టకు శంకుస్థాపన, ఎవరో విదేశీ పెద్దమనిషికి పూలదండ. ఆ కాసేపూ గోళీసోడాలు కొట్టించుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్లం. ఇవన్నీ అయ్యాక గుర్తు పడేది. అప్పుడు చూడాలి డేరా! సోడా బుడ్డి ఎక్కడిదక్కడ ఆగిపోవలసిందే.

ఎందుకంటావా? గుర్తు పడ్డాకే తెలిసేది ఇది ఎవరి బొమ్మో. మేం దర్శకుడెవరని అడిగేవాళ్లం కాదు. “విజయా వారి మిస్సమ్మ”, “జెమినీ వారి చంద్రలేఖ”, ఇలాగే అనేవాళ్లం. ఆ “వారి” గమనించావా? వియ్యాల వారిని పిలిచినంత మర్యాద. అప్పట్లో స్టూడియో అంటే నాలుగు గోడలు అద్దెకిచ్చే చోటు కాదు. ఫ్లోర్లూ, శబ్దగ్రహణం, లేబొరేటరీ, వడ్రంగులూ, రంగులేసేవాళ్లూ, కుట్టుపని వాళ్లూ, కథలు రాసేవాళ్లూ, చివరికి నటులు కూడా నెల జీతం మీద ఒకే గేటు లోపల ఉండేవాళ్లు. కాబట్టి తెర మీద పడే గుర్తు ప్రామిసరీ నోటు కింద సంతకం లాంటిది. బొమ్మ బాగుంటే దణ్ణం ఆ గుర్తుకే, బాగోకపోతే తిట్లూ దానికే.

మరి జెమినీ వారి సంతకం చేసిన ఆసామీ ఎవరు? ఎస్. ఎస్. వాసన్. అప్పటి తంజావూరు జిల్లా తిరుత్తురైపూండి మనిషి. సినిమాల్లోకి రాకముందు ఆయన పని ప్రకటనలు. పత్రికలకు ప్రకటనలు తెచ్చిపెట్టడం, పోస్టులో సరుకులమ్మడం. అలా తిరుగుతుండగా 1928లో మూతబడబోతున్న ‘ఆనంద వికటన్’ అనే తమిళ హాస్యపత్రిక కనబడింది. దాన్ని 200 రూపాయలకు కొన్నాడు. అరవలిపిలో ఆ పేరుకు ఎనిమిది అక్షరాలు, అక్షరానికి పాతిక రూపాయలు చొప్పున లెక్కగట్టారని ఇప్పటికీ సరదాగా చెప్పుకుంటారు. అదృష్టం చూడు, ఇంకో రెండక్షరాలుంటే మరో యాభై వదిలేది! ఆ పత్రికను ఆయన తమిళుల ఇంటింటికీ చేర్చాడు. ప్రకటనలు తెలిసినవాడికి పత్రిక దొరికితే ఇంకేం కావాలి?

పత్రిక నుంచి సినిమాకు అట్టే దూరం లేదు. ‘కల్కి’ రాసిన ‘త్యాగభూమి’ కథ ఆనంద వికటన్‌లోనే వచ్చింది. దాన్ని కె. సుబ్రహ్మణ్యం 1939లో సినిమా తీస్తే వాసన్ పంపిణీ చేశాడు. ఆ సుబ్రహ్మణ్యం గారికి మౌంట్ రోడ్డు మీద ఓ స్టూడియో ఉండేది. అది అగ్నిప్రమాదంలో కాలి, అప్పులు మీదపడి, వేలానికి వచ్చింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వాసన్‌ని ఆ లెక్కలో కట్టకు. ఆయన కాలిన చోట చుట్ట ముట్టించుకోలేదు, 86 వేల పైచిలుకు రూపాయలు పెట్టి పాడుకుని మళ్లీ గోడలు లేపాడు. అదే జెమినీ స్టూడియో.

పేరు సంగతి అడుగుతావని తెలుసు. వాసన్‌కు గుర్రప్పందాల సరదా ఉండేది. పందెంలో ఆయనకు కలిసొచ్చిన గుర్రం పేరే స్టూడియోకు పెట్టాడని ఒక కథ. కాదు, భార్య జన్మరాశి మిథునం కాబట్టి ఆ పేరు పెట్టాడని ఇంకో కథ. గుర్రం పేరని పందేల రాయుళ్లూ, ఇల్లాలి రాశి అని ఇళ్లలో ఆడవాళ్లూ నమ్మేవాళ్లు. ఎవరికి నచ్చింది వాళ్లది. మొత్తానికి మిథునరాశి అంటే కవలలు కదా, కాబట్టి తెర మీదికి కవల పిల్లలొచ్చారు. చేతికి బాకాలెందుకిచ్చారంటే మాత్రం నాకు ఆశ్చర్యం లేదు. ప్రకటనలమ్ముకుని పైకొచ్చిన మనిషి గుర్తుకు వీణ ఇస్తాడా? ఊరందరికీ వినబడేదే ఇస్తాడు. పిట్ట కొంచెం కూత ఘనం అన్నది ఆ పిల్లల్ని చూసే పుట్టిందేమో అనిపించేది మాకు.

సరే, బాకా ఊదారు. తరవాత చూపించిందేమిటి? 1942లో మన తెలుగులోనే ‘బాలనాగమ్మ’ వచ్చింది. సి. పుల్లయ్య గారు తీశారు. బాలనాగమ్మగా కాంచనమాల, మాయల మరాఠీగా గోవిందరాజుల సుబ్బారావు. మా అమ్మ ఆ బొమ్మ చూసొచ్చి, ఆ తరవాత ఏళ్ల తరబడి మమ్మల్ని నిద్రపుచ్చడానికి మాయల మరాఠీనే వాడుకుంది. “కళ్లు మూసుకోకపోతే మరాఠీ వస్తాడు” అనేది. కళ్లు మూసుకుంటే ఇంకా బాగా కనబడేవాడు, అది ఆవిడకు చెప్పలేకపోయాం.

1948లో ‘చంద్రలేఖ’. అదొక తిరనాళ్ల బొమ్మ. సర్కసు, కత్తియుద్ధాలు, పెద్ద పెద్ద డోళ్ల మీద నాట్యం, ఆ డోళ్లలోంచి దూకే సైనికులు! ఏళ్ల తరబడి తీశారు. ముప్పై లక్షల దాకా ఖర్చయిందని చెప్పుకునేవాళ్లు. నాలుగణాల టిక్కెట్టు కాలంలో ముప్పై లక్షలంటే మాకు అంకె వేయడం కూడా వచ్చేది కాదు, సున్నాల దగ్గర తగువొచ్చేది. తమిళంలో తీసిందాన్ని ఆ ఏడాదే హిందీలో కూడా విడుదల చేసి, దేశమంతా గోడలకు కాగితాలంటించి, దక్షిణాది వాడి బొమ్మ ఉత్తరాది వాడు ఎగబడి చూసేటట్టు చేశాడు వాసన్. ఆ దెబ్బతో బొంబాయిలో, ఢిల్లీలో పిల్లలకు కూడా బాకా పిల్లలు తెలిసిపోయారు.

ఇంకో తమాషా విను. కవలలు గుర్తుగా పెట్టుకున్నవాళ్లు కవలల కథే తీశారు. తమిళంలో 1949లో, తెలుగులో 1950లో ‘అపూర్వ సహోదరులు’. ఎం. కె. రాధా ద్విపాత్రాభినయం, పక్కన భానుమతి. ఒకణ్ణి కొడితే ఇంకొకడికి నొప్పి పుడుతుంది. అది చూసొచ్చిన మా వీధి పిల్లలు ఒకర్నొకరు గిల్లి, “నీకు పుట్టిందా నొప్పి?” అని పరీక్షలు చేసుకునేవాళ్లు. గిల్లించుకున్నవాడికే పుట్టేది, పాపం.

మన తెలుగు కథలంటే వాసన్‌కు మంచి చూపు ఉండేది. మన ‘సంసారం’ చూసి మరుసటి ఏడు దాన్నే తమిళంలోనూ హిందీలోనూ తీశాడు. రామారావు, నాగేశ్వరరావు కలిసి చేసిన ‘పల్లెటూరి పిల్ల’ 1955లో హిందీ ‘ఇన్సానియత్’ అయింది. దిలీప్ కుమార్, దేవానంద్ కలిసి నటించిన బొమ్మ అదొక్కటే. వాళ్లిద్దరూ చాలనట్టు జిప్పీ అనే చింపాంజీని కూడా పెట్టాడు! మన ‘శాంతినివాసం’ 1961లో ‘ఘరానా’ అయింది. సూర్యకాంతం గారి గయ్యాళితనానికి అక్కడ లలితా పవార్ దొరికింది. గయ్యాళి అత్తలు ఏ దేశంలోనైనా దొరుకుతారు గాని సూర్యకాంతం గారు ఒక్కరే. ఆవిడ సంగతి మొదలెడితే తెల్లారిపోతుంది. ఎక్కడున్నాం? ఆ, బాకా దగ్గర.

బాకా వెనక లోపలెలా ఉండేదో తెలుసుకోవాలంటే మీ బడిపుస్తకమే ఉంది. సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఇంగ్లీషులో పాన్‌కేక్ పాఠం చదివిన పిల్లలుంటే అడుగు, మార్కుల కోసం బట్టీపట్టి ఉంటారు. అది జెమినీ కథే. రాసింది అశోకమిత్రన్. మన సికిందరాబాదులో పుట్టి పెరిగి, ఇరవయ్యొక్క ఏళ్ల వయసులో మద్రాసు వెళ్లి జెమినీలో చేరాడు. ఆయన ఉద్యోగమేమిటంటావు? పేపర్లలో వచ్చిన వార్తలు కత్తిరించి దాచడం. పొద్దస్తమానం కాగితాలు చింపుతూ కనబడే మనిషిని చూసి, ఇతనికి పనేం లేదనుకుని ప్రతివాడూ వచ్చి కబుర్లు చెప్పేవాడట. కబుర్లు చెప్పినవాళ్లంతా ఇవాళ పుస్తకంలో ఉన్నారు చూడు, పని లేనివాడి దగ్గర జాగ్రత్తగా ఉండాలి.

ఆయన రాసిందాని ప్రకారం మేకప్ విభాగం ఉన్న భవనం ఒకప్పుడు రాబర్ట్ క్లైవు గుర్రపుశాల అని అక్కడ అనుకునేవాళ్లు. అందులో పనిచేసేవాళ్లలో బెంగాలీ, మహారాష్ట్రుడు, ధార్వాడ కన్నడిగుడు, మన ఆంధ్రుడు, ఆంగ్లో బర్మీయుడు, తమిళులు, అందరూ ఉండేవాళ్లు. దేశసమైక్యత గురించి ఎవరూ ఉపన్యాసమివ్వకముందే, అందరూ కలిసి మనుషుల ముఖాలకు పాన్‌కేకు అనే మేకప్ పూత మెత్తి గుర్తుపట్టనివ్వకుండా చేసేవాళ్లు. ఆ స్టూడియోలోనే గణేశన్ అనే కుర్రాడు ఉద్యోగం చేసి, తరవాత తెరకెక్కి, సంస్థ పేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. జెమినీ గణేశన్. మన సావిత్రి భర్తంటే నీకు వెంటనే తెలుస్తుందిలే.

బాకా ఊదింది జెమినీ ఒక్కటే అనుకోకు. వాళ్లకంటే ముందే ప్రభాత్ వారున్నారు. 1929లో కొల్హాపూరులో పుట్టి 1933లో పుణె చేరిన కంపెనీ. వాళ్ల గుర్తులో ఒక స్త్రీ తుతారీ అనే బాకా ఊదుతుంది. ప్రభాతం పేరుకు తగ్గట్టు, మేలుకొలుపు. కలకత్తా న్యూ థియేటర్స్ వారిది ఏనుగు. బొంబాయి రాజ్ కపూర్‌ది ఆయన సొంత బొమ్మ ‘బర్సాత్’లోంచి పుట్టింది: ఒక చేతిలో ఫిడేలు, ఇంకో చేతి మీద వాలిన నర్గీస్. మా నాన్నకు అది నచ్చేది కాదు. గుర్తంటే దేవుడో జంతువో ఉండాలి గాని ఆలింగనమేమిట్రా అనేవాడు. అనేవాడే గాని తల తిప్పుకునేవాడు కాదు.

ఇక మన విజయా వారిది జెండా, జెండా మీద హనుమంతుడు. అర్జునుడికి విజయుడని పేరుంది కదా, ఆయన రథం మీద ఎగిరేదీ ఆ కపిధ్వజమే. నాగిరెడ్డి, చక్రపాణి గార్లకు అది సరిగ్గా అతికింది. వాళ్లూ ‘చందమామ’ పెట్టినవాళ్లే, వాసన్ లాగే పత్రిక నడిపినవాళ్లే. అయినా స్వభావం వేరు. ఆయన బాకా ఊదించాడు, వీళ్లు చప్పుడు లేకుండా జెండా ఎత్తారు. తెర మీద ఆ జెండా కనబడగానే మా డేరాలో ముసలమ్మలు చెంపలు వేసుకునేవాళ్లు. బొమ్మలో ఎన్ని కోణంగి వేషాలున్నా, మొదట దేవుడి దర్శనమైంది కాబట్టి సినిమాకొచ్చిన దోషం పోయినట్టే. టిక్కెట్టు కొన్న పుణ్యం కూడా కలిసొచ్చేది!

అన్నీ బాగుంటే ఈ మాటలన్నీ ఎందుకు? కాలం మారింది. పేరున్న నటులు నెల జీతాలు వదిలి, ఏ బొమ్మకు ఆ బొమ్మే ఒప్పందం చేసుకోవడం మొదలెట్టారు. నిర్మాతలు కథ చేతిలో పట్టుకుని, స్టూడియో ఫ్లోరు రోజు లెక్కన అద్దెకు తీసుకోసాగారు. ఇంటి యజమాని కాస్తా సత్రం యజమాని అయ్యాడు. రంగులొచ్చాయి, ఖర్చులు పెరిగాయి, అవుట్‌డోరు మోజొచ్చింది. ఊరు పెరిగి స్టూడియో స్థలం ధర స్టూడియో కంటే ఎక్కువైంది. 1969 ఆగస్టులో వాసన్ పోయాడు. ఆ తరవాత కొద్ది ఏళ్లకే జెమినీ కథ ముగిసింది.

ఇప్పుడు ఆ చోట పెద్ద హోటలు, వాణిజ్య భవనాలు ఉన్నాయి. పక్కనే 1973లో కట్టిన వంతెనకు సర్కారు తమిళ నాయకుడు అన్నా గారి పేరు పెట్టింది. జనం మాత్రం జెమినీ ఫ్లైఓవరనే అంటారు. ఆటోవాడికి అన్నా పేరు చెప్పి చూడు, వాడే నీకు జెమినీ అని దిద్దుతాడు. వంతెన దగ్గర గుర్రాన్ని పట్టి ఆపుతున్న మనిషి విగ్రహాలున్నాయి, గుర్రప్పందాలు ఆపేసినందుకు జ్ఞాపకంగా పెట్టినవి. పందెపు గుర్రం పేరుతో పుట్టిందని చెప్పుకునే స్టూడియో ముంగిట పందేలు మాన్పించిన విగ్రహం! దేవుడికీ హాస్యం తెలుసు. వడపళనిలో విజయా వాహినీ ఉన్న చోట ఆసుపత్రి, మాల్ వచ్చాయి. ప్రభాత్ ఆవరణది మాత్రం అదృష్టం, అందులో సినిమా నేర్పే సర్కారు బడి పెట్టారు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్నారు గాని, స్టూడియోలకు చచ్చాకే ధర ఎక్కువ.

మొన్న నువ్వు నన్ను బలవంతాన హాలుకు తీసుకెళ్లావు గుర్తుందా? బొమ్మ మొదలయ్యే ముందు గుర్తుల వరస పడింది. ఒకాయన సమర్పణ, ఒకాయన నిర్మాణం, ఒకరు సహనిర్మాణం, ఒకరు పాటల హక్కులు, ఒకరు ఫోనులో చూపించే హక్కులు. ఒక్కొక్కటీ ఉరుములూ మెరుపులూ, బంగారు అక్షరాలూ. నేను పాప్‌కార్న్ సగం తినేశాను, కథ మాత్రం మొదలవలేదు. ఆ డబ్బా ఖరీదు చెప్పావు, గుండె జారింది, అది వేరే సంగతి. అన్ని గుర్తులు చూసినా ఒక్కటీ మనసులో నిలవలేదు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. బొమ్మ చివర్లో విసుగొచ్చి, ఎవర్రా ఇది తీసింది అని నేనడిగితే నువ్వు కూడా చెప్పలేకపోయావు.

బాకా ఊదుకోవడం తప్పని మా కాలంలో ఎవరూ అనలేదు. వ్యాపారమన్నాక ఊదుకోవాలి, వాసన్ కంటే గట్టిగా ఊదినవాడు లేడు. ఊదాక వెంటనే డేరాలో ఇసక మీద కూర్చున్నవాడికి పావలాకు సరిపడా చూపించాలి, చూపించలేకపోతే తిట్లకు తల వంచాలి. ఆ ధైర్యం ఉన్నవాడే తెర మీద తన గుర్తు ఒంటరిగా నిలబెట్టేవాడు. కాబట్టి రేపు నువ్వేదైనా కంపెనీ పెడితే ఏనుగు పెట్టుకుంటావో, జెండా పెట్టుకుంటావో నీ ఇష్టం. దాని కింద పేరు మాత్రం ఒక్కటే ఉండనీ. ఊరు మెచ్చుకోవడం మాట దేవుడెరుగు, తిట్టాలనుకున్నప్పుడు ఎవరిని తిట్టాలో తేలాలి కదా!